పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దాం అంటున్నారు మా ఆయన. నల్గొండ వైపు ఎవరైనా చేశారా?

పానగల్ అమ్మ | మే 24, రాత్రి 10:15

అందరికీ వందనాలు. మాది నల్గొండ, పానగల్ వైపు. ఇద్దరు పిల్లలు. పాపకు నాలుగో తరగతి అయిపోయింది, జూన్ 12న బడి తెరిస్తే ఐదుకు పోవాలి. బాబుకు ఆరేళ్లు నిండాయి, ఒకటిలో వేయాలి. మా ఆయనకు కరెంటు సామాన్ల షాపు ఉంది.

మేం వెళ్లే క్రైస్తవ సంఘం (చర్చి) చిన్నది, ఇరవై కుటుంబాలుంటాయి. అందులో మూడు కుటుంబాలవాళ్లు పోయిన ఏడాది పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నారు. ఏప్రిల్‌లో కూడికలకు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక బ్రదర్ మూడు రోజులూ దీని మీదే మాట్లాడారు. దేవుడు పిల్లల్ని అప్పగించింది తల్లిదండ్రులకు, బడికి కాదు అన్నారు. అప్పటి నుంచి మా ఆయన రాత్రి షాపు మూసి వచ్చాక అమెరికా కుటుంబాల వీడియోలు చూస్తున్నారు. ఎనిమిది మంది పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని చదువుకుంటుంటే తల్లి రొట్టె చేస్తూనే లెక్కలు చెబుతుంటుంది. చూస్తే నాకూ ముచ్చటగానే ఉంటుంది.

ఆయన బాధ ఉత్తది అని నేననను. వసంత పంచమికి బళ్లో సరస్వతీ పూజ పెట్టి పాపను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి "అమ్మా, నేను తప్పు చేశానా" అని పడుకునేదాకా ఏడ్చింది. బస్సులో పెద్ద పిల్లలు ఫోన్లలో చూపించేవి, వాళ్ల నోట వచ్చే బూతులు, అవీ నిజమే.

కానీ నాకు భయంగా ఉంది. నేను ఇంటర్, అది కూడా తెలుగు మీడియం. ఐదో తరగతి భిన్నాలు చెప్పగలనేమో, ఎనిమిదో తరగతి సైన్స్ చెప్పగలనా? టెన్త్ ఎక్కడ రాస్తారు? కేసులేమైనా అవుతాయా? మా అత్తమ్మ అయితే "ఆడపిల్లను బడి మాన్పించి ఏం చేస్తరు, పెండ్లి చేస్తరా" అని అడిగేసింది. చేసినవాళ్లు, చేసి మానేసినవాళ్లు దయచేసి చెప్పండి. జూన్ 12 లోపు తేల్చుకోవాలి.

హుజూర్‌నగర్ 07 | మే 24, రాత్రి 10:52

మా సంఘంలోనూ ఈ మాట నడుస్తోంది సిస్టర్. నేనూ చదువుతూ ఉంటాను.

పాలమూరు సారు | మే 25, ఉదయం 6:30

అమ్మా, నేను ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతాను. క్రైస్తవుణ్ణి కాను, కాబట్టి విశ్వాసం సంగతి మీవాళ్లకే వదిలేస్తాను. చట్టం ఏమంటుందో చెబుతాను.

2002లో 86వ సవరణతో రాజ్యాంగంలోకి 21ఎ అధికరణం వచ్చింది. దాన్ని అమలు చేసేది 2009 నాటి విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్‌లో ఉంది. చేర్పించకపోతే వాళ్లకు ఈ శిక్ష అని మాత్రం ఎక్కడా రాయలేదు. ఇంట్లో చదివించుకునేవాళ్లు అలాగే కొనసాగవచ్చని 2012లో కేంద్ర ప్రభుత్వమే ఢిల్లీ హైకోర్టుకు చెప్పింది. కాబట్టి పోలీసులు వస్తారనే టెన్షన్ పెట్టుకోకండి. అయితే ఇలా చదివించండి, ఇక్కడ నమోదు చేసుకోండి అనే దారి కూడా చట్టంలో లేదు. అమెరికాకు, మనకు పెద్ద తేడా అదే.

జూన్‌లో బడిబాట అని మేమే ఇంటింటికీ తిరుగుతాం. మీ పాప ఇంట్లో ఎంత బాగా చదువుతున్నా మా రిజిస్టర్‌లో మాత్రం బడి బయటి పిల్లల కిందే పడుతుంది. మా జిల్లాలో ఆ మాటకు బరువెక్కువ. వలస పోయిన తల్లిదండ్రుల వెంట ముంబై, పుణె పనుల దగ్గర పెరిగిన పిల్లల్ని నేను పదేళ్ల వయసులో అ ఆలు దిద్దించి చదివించాను. పక్కనే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పత్తి చేలల్లోంచి, పశువుల వెనక నుంచి పిల్లల్ని తెచ్చి బడిలో కూర్చోబెట్టింది. ఆ పనికే 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. అందుకే బడి మానిన పిల్ల అనగానే మా గుండె ఝల్లుమంటుంది. మమ్మల్ని తప్పుగా అనుకోకండి.

పూజ విషయం వేరుగా చూడండి. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు, అంటే 28(3) ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా పిల్లల్ని మత బోధనలో, పూజలో కూర్చోబెట్టకూడదు. ప్రైవేటు బడికీ ఇది వర్తిస్తుంది. 1986లో కేరళ నుంచి ముగ్గురు పిల్లల కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాళ్లు యెహోవా సాక్షుల ఇంటి పిల్లలు. జనగణమన పాడేటప్పుడు గౌరవంగా నిలబడ్డారు, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి తీసేశారు. తిరిగి చేర్చుకోవాల్సిందేనని కోర్టు చెప్పింది. మీ పాపకు ఒక ఉత్తరంతో తీరిపోయే బాధ కోసం బడినే మాన్పించాలా, ఆలోచించండి.

వాడపల్లి నాన్న | మే 25, మధ్యాహ్నం 1:10

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మాది మిర్యాలగూడ దగ్గర. నాలుగేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాం. పాపకు 11, బాబుకు 9. మంచీ చెడూ రెండూ చెబుతాను.

మొదటి ఏడాది అమెరికా నుంచి వచ్చే వర్క్‌బుక్కులు తెప్పించాం. పిల్లలు తమంతట తామే చదివి, రాసి, జవాబుల పుస్తకంతో దిద్దుకునే పద్ధతి. ఒక్కొక్కరికీ ముప్పై వేలు దాటింది. ప్రతి పేజీలో బైబిల్ వాక్యం ఉంటుందని సంతోషపడ్డాను. ఆరు నెలలయ్యేసరికి మా పాప పొడవును అంగుళాల్లో, బరువును పౌండ్లలో చెబుతోంది. డైమ్, క్వార్టర్ అని అక్కడి నాణేలు లెక్కపెడుతోంది. కిలోకు ఎన్ని గ్రాములంటే తెల్లముఖం వేసింది. దాన్నీ సర్దుకునేవాణ్ణి. కానీ ఒక ఆదివారం మా అమ్మ కళ్లజోడు మరిచిపోయి, "నాన్నా, ఈ కీర్తన చదువురా" అని బైబిల్ బాబు చేతికిచ్చింది. వాడు చదవలేకపోయాడు. వాడికి తెలుగు అక్షరాలే సరిగా రావు. వాక్యం కోసం బడి మాన్పించిన నేను, నా కొడుకును వాళ్ల నానమ్మ బైబిల్ చదవలేనివాణ్ణి చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు మన ప్రభుత్వ పుస్తకాలకు మారాం. ఇప్పుడవి ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుతో వస్తున్నాయి కదా, అవి ఇంటి చదువుకు చాలా బాగున్నాయి. నా భార్య డిగ్రీ, బీఈడీ. పొద్దున ఏడింటికి ప్రార్థన, ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు. సాయంత్రం నేను సైన్స్ చెబుతాను. పొలం దగ్గర మోటారు, తూములు, నాటు అన్నీ చూపించి చెబుతాను. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటికి తీసుకెళ్లి నది పాఠం చెప్పాను, పిల్లలు ఇప్పటికీ మరిచిపోలేదు. పిల్లలు మాతో దాపరికం లేకుండా మాట్లాడతారు. దీన్ని నేను దేనికీ వదులుకోను.

పద్నాలుగేళ్లు నిండాక ఓపెన్ టెన్త్, అంటే బడికి పోకుండా రాసే టెన్త్, రాయిస్తాం. తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, కేంద్రం వాళ్ల ఎన్‌ఐఓఎస్ ఉంది. ఆ సర్టిఫికెట్ మామూలు టెన్త్‌తో సమానమే. చేయగలిగినవాళ్లకు ఇది మంచి దారే, ధైర్యంగా ఉండండి.

జడ్చర్ల అబ్బాయి | మే 25, రాత్రి 11:48

నాకు 24. మూడో తరగతి నుంచి ఇంట్లో చదువుకున్నాను. పిల్లల వైపు నుంచి కూడా ఒకరు చెప్పాలని రాస్తున్నాను.

మా నాన్న మంచివాడు. ఆయన కోపంతోనో మూర్ఖత్వంతోనో చేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పొద్దున నాలుగున్నరకు లేచి మాకు బైబిల్లోని సామెతలు కంఠతా పట్టించేవాడు. వడ్రంగం నేర్పించాడు, ఇవాళ నా ఇంట్లో మంచం, బీరువా నేను చేసినవే. మొదటి మూడేళ్లు చదువు బాగా సాగింది. తర్వాత నాన్నకు పని పెరిగింది, అమ్మకు చెల్లి పుట్టింది. ఆరో తరగతి పుస్తకాలు రెండేళ్లు చదివాను. ఏడో తరగతి బీజగణితం వచ్చేసరికి చెప్పేవాళ్లు లేరు. మధ్యాహ్నం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడేవాణ్ణి. నా ఈడు పిల్లలు సైకిళ్ల మీద పోతూ చెయ్యి ఊపేవాళ్లు. కొన్నాళ్లకు ఊపడం మానేశారు.

17 ఏళ్లకు ఓపెన్ టెన్త్ రాశాను. లెక్కలు రెండోసారికి పాసయ్యాను. ఇంటర్ కూడా ఓపెనే.

అసలు కష్టం తర్వాత వచ్చింది. 2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. కొత్త రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మనం ఏ జిల్లాకు లోకల్ అన్నది ఒకటి నుంచి ఏడు వరకు ఎక్కడ చదివామో చూసి తేలుస్తారు. అందులో నాలుగేళ్లు ఒక జిల్లాలో చదివి ఉండాలి. పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. అందరూ బడికి పోయి ఒక్క రోజులో బోనఫైడ్ (అక్కడ చదివామని బడి ఇచ్చే పత్రం) తెచ్చుకున్నారు. నాకు ఒకటి, రెండు తరగతులవే ఉన్నాయి. బడిలో చదవనివాళ్లు ఆ ఏళ్లకు తహసీల్దార్ దగ్గర నివాస ధ్రువపత్రం తీసుకోవచ్చని ఉంది. కానీ ఆఫీసులో అడుగుతారు కదా, పదేళ్ల కింద నువ్వు ఇక్కడే ఉన్నావనడానికి ఏముందని. పాత రేషన్ కార్డు, చెల్లి టీకాల కార్డు, మా సంఘం సండే స్కూల్ హాజరు పుస్తకం పట్టుకుని రెండు నెలలు తిరిగాను. నేను పుట్టి పెరిగిన ఊళ్లో నేనున్నానని నిరూపించుకోవడానికి ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు కావాల్సి వచ్చింది. మా నాన్న ఆఫీసు బయట వేపచెట్టు కింద కూర్చుని, "నాకు తెల్వదు బిడ్డా, ఇంత దూరం ఆలోచించలే" అన్నాడు.

వాడపల్లి బ్రదర్, మీ పిల్లలకు ఇప్పటి నుంచే ఏటా ఆ కాగితాలు తీసి పెట్టండి. మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నా.

వాడపల్లి నాన్న | మే 26, ఉదయం 5:55

తమ్ముడూ, నీది మూడుసార్లు చదివాను, నా భార్యకు కూడా చదివి వినిపించాను. నాలుగేళ్లలో ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. కూడికల్లో మాట్లాడే బ్రదర్స్ కూడా చెప్పలేదు. మీసేవలో నివాస ధ్రువపత్రానికి ఏమేం పెట్టాలో రాస్తావా?

జడ్చర్ల అబ్బాయి | మే 26, ఉదయం 9:20

ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు పెట్టండి అన్నా. దాంతో పాటు పిల్లల పేరు, తేదీ ఉన్న ఏ కాగితాన్నీ పారేయకండి. డాక్టర్ చీటీలు, వీబీఎస్ (సెలవుల్లో చర్చిలో పెట్టే బైబిల్ బడి) సర్టిఫికెట్లు, లైబ్రరీ కార్డు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఎంసెట్‌కు (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కూడా అంతే. ఇంటర్ పరీక్షకు ముందు నాలుగేళ్లు ఎక్కడ చదివారో అడుగుతారు, బడి లేకపోతే ఎక్కడ నివాసమున్నారో చూపించాలి.

నకిరేకల్ టు టెక్సాస్ | మే 26, ఉదయం 10:05

అక్కా, మాది నకిరేకల్, పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో ఉన్నాం. మా చర్చిలో సగం కుటుంబాలు ఇంట్లోనే చదివిస్తాయి. మీ ఆయన చూసే వీడియోల వెనక ఉన్న కథ కొంచెం చెబుతాను.

ఇక్కడ ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్లంతా చర్చివాళ్లు కారు. 1970ల్లో జాన్ హోల్ట్ అనే ఆయన బడి పిల్లల ఆసక్తిని చంపేస్తుందని చెప్పి ఇంటి చదువును ముందుకు తెచ్చారు. ఆయనకు మతంతో పని లేదు. అదే కాలంలో రేమండ్, డొరొతీ మూర్ దంపతులు, వాళ్లు అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లు, చిన్నపిల్లల్ని తొందరపడి బడికి పంపొద్దని చెప్పారు. 1980ల్లో సంప్రదాయ క్రైస్తవ కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరాయి. అప్పుడు చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రుల మీద నిజంగానే కేసులు పెట్టారు. 1983లో మైకేల్ ఫారిస్ వంటి లాయర్లు హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ పెట్టి రాష్ట్రం వెంట రాష్ట్రం పోరాడారు. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ అనుమతి దొరికింది. మా టెక్సాస్‌లో 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇంటి బడిని ప్రైవేటు బడిగా చూడాలని తేల్చింది.

ప్రసంగాల్లో అమిష్ వాళ్ల (పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ శాఖ) కేసు గురించి చెబుతారు కదా, 1972 నాటి అమెరికా సుప్రీంకోర్టు యోడర్ తీర్పు. అది ఎనిమిదో తరగతి దాకా బడికి పోయిన పిల్లల గురించి. ఆ తర్వాతి చదువు వద్దన్నారు వాళ్లు. చిన్నప్పటి నుంచే బడి మాన్పించిన కేసు కాదు. ఇది చాలామంది చెప్పరు. అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు కూడా. జర్మనీలో బడికి పంపకుండా ఇంట్లో చదివించడానికి వీల్లేదు, 2006లో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా జర్మనీ వైపే నిలబడింది.

వీడియోలో బల్ల, రొట్టె కనిపిస్తాయి. వారానికి రెండు రోజులు ఏడెనిమిది కుటుంబాలు కలిసి నడిపే తరగతులు కనిపించవు. మా వీధి చివర లైబ్రరీలో ఒకేసారి యాభై పుస్తకాలు తెచ్చుకోవచ్చు, అది కనిపించదు. ఒకరి జీతంతో ఇల్లు గడిచే స్థితి కనిపించదు. మా చర్చిలో ఒకావిడ కెమిస్ట్రీ పీహెచ్‌డీ, పది ఇళ్ల పిల్లలకు ఆమే ల్యాబ్ చేయిస్తుంది. అక్కడ మీకు అలాంటివాళ్లు ఎవరున్నారో చూసుకోండి. ఇంకొకటి. ఇక్కడ ఇంటి చదువుతో పెరిగిన పిల్లలే పెద్దయ్యాక 2013లో ఒక సంస్థ పెట్టారు. ఇంటి చదువు ఉండాలి, కానీ పిల్లలు చదువుతున్నారో లేదో చూసే ఏర్పాటు కూడా ఉండాలని వాళ్లు అడుగుతున్నారు. ఎందుకడుగుతున్నారో జడ్చర్ల తమ్ముడి మాటలు చదివితే తెలుస్తుంది.

వనపర్తి సిస్టర్ | మే 26, మధ్యాహ్నం 3:40

పానగల్ సిస్టర్, ఇప్పటిదాకా ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. చెప్పేదెవరు? మీరే కదా.

మేం ఎనిమిది నెలలు చేసి మానేశాం. పొద్దున అయిదింటికి లేచి వంట, ఎనిమిదికి పిల్లలతో పుస్తకాలు, మధ్యలో ఎవరో ఒకరు తలుపు కొడతారు, ఇంట్లోనే ఉంది కదా అని. మా మామగారికి షుగర్, పూటపూటకూ చూడాలి. సాయంత్రానికి చిన్నదాన్ని కొట్టేదాన్ని. బళ్లో ఉన్నప్పుడు ఎన్నడూ కొట్టలేదు. ఒకరోజు అది, "అమ్మా, నువ్వు టీచర్‌గా వద్దు, అమ్మగానే ఉండు" అంది. మా ఆయన మంచివారే, కానీ ఆ ఎనిమిది నెలల్లో ఆయన చెప్పిన పాఠాలు పది కూడా ఉండవు. ఇద్దరూ చెప్పగలిగితేనే మొదలుపెట్టండి. ఈ మాట మీ ఆయనకు చూపించండి, నేను చెప్పానని చెప్పండి.

తిరిగి చేర్చేటప్పుడు ఒక మాట. టీసీ లేదని ఎనిమిదో తరగతి దాకా ఎవరూ చేర్చుకోననకూడదు, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి. మాకు చెప్పేవాళ్లు లేక నెల తిరిగాం.

నాగర్‌కర్నూల్ కాపరి | మే 26, రాత్రి 9:30

ప్రభువు నామంలో వందనాలు. నేను ఒక చిన్న సంఘానికి కాపరిని, అంటే పాస్టర్‌ని. ఈ విషయంలో నాకు చెప్పుకోవాల్సిన భారం ఉంది.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం అందరూ చూపిస్తారు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలకు చెప్పమని ఉంది. నేనూ దాన్నే చూపించి ఆరేళ్ల కింద రెండు కుటుంబాలను ప్రోత్సహించాను. ఇప్పుడు చదివితే అనిపిస్తుంది, ఆ నాలుగు వేళలూ బడికి పోయే పిల్లకు కూడా ఉన్నాయి కదా. మనం ఆ వేళల్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాం. తిమోతికి విశ్వాసం తల్లి యునీకే, అమ్మమ్మ లోయి దగ్గర అబ్బింది. దానియేలు అయితే బబులోను రాజు బడిలోనే చదివాడు, కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు, వాళ్ల భోజనం మాత్రం ముట్టలేదు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చినవాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఇంట్లో చదివించడం వాక్యవిరుద్ధమని నేననను. బడికి పంపితే పాపమని చెప్పే అధికారం మాత్రం నాకు లేదు. అప్పుడు చెప్పాను. తప్పు చేశాను.

ఆ రెండు కుటుంబాల్లో ఒకరు, మగపిల్లల్ని ఎనిమిదో తరగతికి తిరిగి బడికి పంపారు. ఆడపిల్లను పంపలేదు. తల్లికి ఇంటిపని తోడు కావాలన్నారు. ఇప్పుడా పాపకు పదహారు. ఆదివారం చిన్నపిల్లలకు పాటలు నేర్పిస్తుంది, ఎంతో చురుకైనది, ఓపెన్ టెన్త్‌కు కూడా ఇంకా కట్టలేదు. నన్ను ఒక్కమాట అనలేదు. ఎదురుపడితే వందనాలు అయ్యగారూ అంటుంది. నాకు తలెత్తబుద్ధి కాదు. ఈ ఏడాది ఫీజు నేను కడతానని వాళ్ల నాన్నతో మాట్లాడాను. ఇంకా ఔననలేదు, మళ్లీ వెళ్తాను.

దేవరకొండ పెద్దమ్మ | మే 27, ఉదయం 7:15

నాకు 71 ఏళ్లు, నర్సుగా చేసి రిటైరయ్యాను. నా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను.

మా అమ్మ మా పల్లెలో చదువు వచ్చిన మొదటి ఆడమనిషి. మా వాడ పిల్లలు ఊళ్లోని బడి గడప తొక్కడానికి లేని రోజులవి, నిజాం కాలం. 1890 ప్రాంతంలో రష్యా దేశపు మెన్నొనైటు (ఒక క్రైస్తవ శాఖ) దొర ఫ్రీసెన్ అమెరికా బాప్టిస్టుల తరఫున నల్గొండ వచ్చాడు. అంతకు కొద్దిగా ముందే పాలమూరులో బాప్టిస్టుల పని మొదలైంది. తర్వాత మెన్నొనైట్ బ్రెదరన్ వాళ్లు మా దేవరకొండలో, వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో, కల్వకుర్తిలో, జడ్చర్లలో స్టేషన్లు పెట్టారు. గుడి కట్టిన చోటల్లా పక్కన ఒక బడి కట్టారు. వాక్యం చదవాలంటే అక్షరం రావాలి కదా. మా తాత మా అమ్మను భుజాన కూర్చోబెట్టుకుని పన్నెండు మైళ్లు నడిచి బోర్డింగులో దించి వచ్చాడట. పిల్ల చెడిపోతుందని వాడంతా తిట్టినా ఆయన వినలేదు. మా అమ్మ అక్కడ చదివి టీచరమ్మ అయింది. ఆమె చదివింది కాబట్టి నేను నర్సునయ్యాను. నేను చదివాను కాబట్టి ఈ పిల్ల ఇంజనీరింగ్ చదువుతోంది.

బిడ్డా, బడి మనకు ఊరికే రాలేదు. అంత నడిచి తెచ్చుకున్నదాన్ని పోగొట్టుకునే ముందు ఒక్కసారి మా తాతను తలుచుకో.

వాడపల్లి నాన్న | మే 27, ఉదయం 8:40

పెద్దమ్మా, మీ మాట కాదనలేను. కానీ ఆ రోజుల్లో బోర్డింగు నడిపినవాళ్లు పిల్లల ఆత్మ గురించి కూడా పట్టించుకున్నారు. ఇప్పటి బడికి మార్కులు తప్ప ఏం పట్టింది? నేను నా పిల్లల్ని పంపను. కాగితాలు మాత్రం జాగ్రత్త చేస్తాను, పాపకు టెన్త్ ఆపేది లేదు. మా పాప ఇంటిపని కోసం ఆగిపోయిందని ఎవరితోనూ అనిపించుకోను.

పానగల్ అమ్మ | మే 29, రాత్రి 11:05

అందరివీ చదివాను. ఏడ్చాను కూడా. మా ఆయనకు ఫోన్ ఇచ్చాను, మూడు రోజుల నుంచి చదువుతున్నారు. కింద ఆయన రాస్తానన్నారు.

పాప నాన్నను. హుజూర్‌నగర్ బ్రదర్ లాగా నేను చదువుతూ ఉంటే చాలనుకున్నాను గానీ, ఒకటి చెప్పాలి. నేను హాస్టల్లో చదివాను. పదో తరగతిలోనే తాగుడు అంటుకుంది. పదేళ్లు పోయాయి, మా అమ్మ కన్నీళ్లతో మోకాళ్ల మీద ఉండేది. ప్రభువు నన్ను పట్టుకున్నాక నాకున్న ఒకే భయం, నా పిల్లలు ఆ దారిలో పోవద్దని. వీడియోల్లో ఆ ఇల్లు చూస్తే అక్కడ ఏ చెడూ రాదనిపించేది. వనపర్తి సిస్టర్ అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. షాపు రాత్రి తొమ్మిదికి మూస్తాను. చెప్పేది ఆమే, నేను కాదు.

దేవరకొండ పెద్దమ్మ | మే 30, ఉదయం 6:50

నాయనా, హాస్టల్లో నీకు సాయంత్రం అడిగేవాళ్లు లేకపోయారు. నీ పిల్లలకు నువ్వున్నావు. షాపు ఒక గంట ముందు మూయి.

పాలమూరు సారు | మే 30, రాత్రి 8:20

పాప ఐదుకు వస్తోందంటే ఇంకోటి గుర్తుచేస్తాను. నవోదయ (కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి) పరీక్ష ఐదో తరగతి పిల్లలకే. మూడు, నాలుగు, ఐదు గుర్తింపు ఉన్న బడుల్లో చదివి ఉండాలి, ఐదో తరగతి ఏడాదంతా మీ జిల్లాలోనే చదవాలి. నల్గొండ వాళ్లకు చలకుర్తిలో ఉంది, మా పాత పాలమూరుకు వట్టెంలో. హాస్టల్ మీకు వద్దనిపించవచ్చు, ఆ భయం ఇప్పుడు అర్థమైంది. కానీ వద్దనేది మీరు అనాలి, కాగితం లేక ఆ అవకాశమే పోకూడదు.

పానగల్ అమ్మ | జూన్ 6, రాత్రి 10:40

పాప ఐదో తరగతికి అదే బడికి వెళ్తుంది. బాబును మా వీధి చివరి ప్రభుత్వ బడిలో ఒకటిలో వేస్తున్నాం, నడిచి పోవచ్చు, బస్సు బాధ లేదు. మా ఆయన షాపు ఏడున్నరకు మూస్తానన్నారు. ఈ వారం నాలుగు రోజులు మూశారు. తెలుగు బైబిల్ ఇద్దరితో చదివిస్తున్నారు, పాప చదివి బాబుకు చూపిస్తోంది. సంఘంలో కొంచెం మాటలు పడ్డాం. ఇంట్లో చదివించే ఆ ముగ్గురు తల్లులకు జడ్చర్ల తమ్ముడు రాసింది చదివి వినిపించాను. ఒకామె నివాస పత్రం కోసం రేపే మీసేవకు పోతానంది.

సోమవారం హెడ్‌మాస్టర్ మేడంను కలుస్తాను. పూజలో కూర్చోబెట్టవద్దని ఉత్తరం రాయాలి. సార్, తెలుగులో రాయనా, ఇంగ్లీషులోనా?

పాలమూరు సారు | జూన్ 7, ఉదయం 6:10

తెలుగులోనే రాయండమ్మా. మా పాప పూజ జరిగేటప్పుడు లైబ్రరీలో కూర్చుంటుంది, బడి మీద మాకు గౌరవమే అని ఒక వాక్యం కలపండి. రాజ్యాంగం 28వ అధికరణం, మూడో క్లాజు అని రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం చేయించుకోండి.